ఉప్పలగుప్తం వైపు 2.40 ఎకరాలు చౌడెక్కుతోంది – గడ్డి వేయొచ్చా? భూమి బాగు చేసుకోవడానికి సాయం ఏమైనా వస్తుందా?

ఊరికి_దూరం | 2025 ఏప్రిల్ 19

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది కోనసీమ, ఉప్పలగుప్తం మండలం. నాన్నగారు నిరుడు కాలం చేశారు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊళ్లో రెండెకరాల నలభై సెంట్ల వరి చేను, ఇంటి వెనక ఎకరం కొబ్బరి తోట ఉన్నాయి. చేను పదకొండేళ్లుగా ఒకాయనే మక్తాకి, అంటే కౌలుకి, చేస్తున్నాడు. మొన్న ఉగాదికి వెళ్తే "బాబూ, ఈ ఏటితో వదిలేస్తానండి" అన్నాడు. సార్వా (ఖరీఫ్ వరి)కి ముంపు, దాళ్వా (రబీ వరి)కి ఉప్పు. తూర్పు పక్కన మూడేళ్ల కిందట రొయ్యల చెరువులు తవ్వారు. ఆ గట్టు వార ఓ ఇరవై సెంట్లలో ఈసారి ఊడ్చిన మొక్క నిలవలేదు. కోతలయ్యాక చూస్తే నేలంతా సున్నం చల్లినట్టుంది.

మా చేను కూడా చెరువుకి లీజు అడుగుతున్నారు. మక్తాకి మూడు రెట్లు ఇస్తామంటున్నారు. అమ్మకి ఇష్టం లేదు. నాకూ లేదు, ఎందుకంటే మాత్రం లెక్క చెప్పలేకపోతున్నాను.

వరి మానేసి పశుగ్రాసం వేస్తే ఎలా ఉంటుంది? భూమి ఉన్నవాళ్లకి నేల బాగు చేసుకోవడానికి, గడ్డి పెంచడానికి ప్రభుత్వం నుంచి ఏమేం వస్తాయి? జిప్సం ఎకరాకి ఎన్ని బస్తాలు? సూపర్ నేపియర్ గడ్డి ముక్కలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోతున్నాను, అంతకుముందు మిమ్మల్ని అడుగుదామని.

రొయ్య_మీసం | ఏప్రిల్ 19

ఎందుకండీ ఈ తిప్పలు. పక్కన చెరువొచ్చాక మీ చేను చేనుగా మిగలదు. లీజుకిచ్చేసి హాయిగా హైదరాబాద్‌లో కూర్చోండి. మా ఊళ్లో మొండికేసినవాళ్లు రెండేళ్లకి తామే వచ్చి అడిగారు. అప్పటికి రేటు పడిపోయింది.

పాత_ఏఓ | ఏప్రిల్ 20

వ్యవసాయ శాఖలో ఏఓగా, అంటే వ్యవసాయాధికారిగా, ముప్ఫయ్యొక్క ఏళ్లు చేసి దిగాను, అందులో సగం డెల్టా మండలాల్లోనే. కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

ముందు జిప్సం మాట పక్కన పెట్టండి. చౌడు రెండు రకాలు. తెల్లగా పైకి తేలేది పాల చౌడు. కరిగే లవణాలు ఎక్కువ, ఈసీ (ఉప్పు కొలత) 4 దాటుతుంది, పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. దానికి మందు మంచినీళ్లు, ఆ నీళ్లు బయటికి పోవడానికి దారి. రెండోది కారు చౌడు. తడిస్తే జిగట, ఎండితే రాయి. నీరు పైన నిలబడుతుందే గాని దిగదు. మట్టి రేణువుల్ని సోడియం పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది. జిప్సంలో ఉన్న కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి తాను కూర్చుంటుంది, అందుకని జిప్సం దీనికి. పాల చౌడుకి జిప్సం పోస్తే డబ్బు మట్టిపాలు, అంతే. మీది మొదటిదే అని నా అనుమానం. అయినా కంటితో చూసి బస్తాలు చెప్పేవాణ్ణి నమ్మకండి, నన్ను కూడా.

మట్టి తీయించండి. చౌడు సంగతి తేలాలంటే ఎండల్లోనే తీయాలి, అంటే ఇప్పుడే. గట్ల వార, చెట్టు నీడలో, పెంట కుప్ప పోసిన చోట తీయొద్దు. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు గుంట కోసి, పక్క గోడ నుంచి పైనించి కిందిదాకా పలచగా ఒక పొర గీకాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలోకి తేవాలి. మీకు రెండు నమూనాలు కావాలి: చెరువు పక్క ఇరవై సెంట్లది వేరు, మిగతాది వేరు. కలిపేశారో, రెండింటికీ చెల్లని సగటు చేతికొస్తుంది.

ఇంట్లో భూసార కార్డు ఉండే ఉంటుంది. 2015లో మొదలైన పథకం, పన్నెండు అంశాలు చూస్తారు, మంచి పథకమే. కాకపోతే నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా అని పెట్టుకున్నారు. అంటే ఆరెకరాలకి ఒకటి. మీ ఇరవై సెంట్ల గోడు ఆ కార్డులో వినబడదు.

ఆ తెలుపు ఎందుకొస్తుందో కూడా చెబుతాను. ఏప్రిల్ నెలలో కాలువలకి నీళ్లు కట్టేస్తారు. పైనుంచి మంచినీటి ఒత్తిడి పోతుంది. కింద ఉన్న ఉప్పు ఊట దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు మట్టి సందుల్లోంచి పైకెక్కుతుంది. ఎండకి నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. నేల బోడిగా ఉంటే మరీ ఎక్కువ. కోత అవగానే పైపైన ఒక చాలు దున్నించి ఉంటే ఆ వత్తి తెగేది. ఇప్పుడైనా దున్నించండి.

గడ్డివాము | ఏప్రిల్ 20

రావులపాలెం అవతల నుంచి తమ్ముడూ. ఏడు గేదెలు, రెండు పెయ్యలు నా చేతి మీద బతుకుతున్నాయి. గడ్డి వేస్తానన్నావు, సంతోషం. కానీ నేపియర్ ముక్కల ఆర్డర్ మాత్రం ఆపేసుకో. సూపర్ నేపియరైనా, కో-4 అయినా, మన ఏపీబీఎన్-1 అయినా మెరక నేలది. ఆరిన నేల, కావలసినప్పుడు నీరు ఉంటే మొదటి కోత రెండున్నర నెలలకి, అక్కణ్ణుంచి నెలన్నరకొకటి. నాలుగు రోజులు నీళ్లలో నానిందా, దుబ్బు కుళ్లిపోతుంది. మీ చేను ముంపు చేనంటున్నావు.

ముంపుకి ఆగేది పారా గడ్డి. తీగలా పాకుతుంది, కణుపు నేలకి తగిలితే వేరు పోస్తుంది, మోకాలు లోతు నీళ్లలోనూ బతుకుతుంది, కాస్త ఉప్పునీ ఓర్చుకుంటుంది. విత్తనం కొననక్కర్లేదు, ఎవరి బోదె గట్టునైనా నాలుగు మోపులు కోసుకొచ్చి గుచ్చడమే. మీ ఇరవై సెంట్లకి అది సరిపోతుంది.

కొబ్బరి తోటలో గినీ గడ్డి వేయి. నీడకి తట్టుకుంటుంది. ఎకరం తోట కింద ఉత్త నేల ఉంచి, గడ్డి కోసం వరి చేను మానేస్తానంటావేంటి?

ఇంకో మాట. వరి మానేస్తే వరిగడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? కోత మిషన్లొచ్చాక గడ్డి ముక్కలై చేలోనే రాలిపోతోంది, కొందరు తగలేస్తున్నారు. చేత్తో కోసి పనలేసి కుప్పేసిన గడ్డికి ఇవాళ ధాన్యమంత గిరాకీ. గేదెకి పచ్చిగడ్డి పాతిక కిలోలు పెట్టినా ఎండుగడ్డి ఐదారు కిలోలు పడాల్సిందే. లేకపోతే పేడ పలచనవుతుంది, పాలల్లో వెన్న పడిపోతుంది. పాల కేంద్రంలో వెన్న పడిపోతే ఎంత మంది అన్నలున్నా రేటు పలకదు.

అన్నిటికంటే ముందు ఇది చెప్పు. నువ్వు హైదరాబాద్‌లో ఉంటే రోజూ పొద్దున్నే గడ్డి కోసేది ఎవరు?

ఊరికి_దూరం | ఏప్రిల్ 20

అక్కా, ఆ చివరి ప్రశ్న నేను వేసుకోలేదు. కోసుకునేవాళ్లకి అమ్ముదామనుకున్నాను.

సాయం సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

పాత_ఏఓ | ఏప్రిల్ 21

చెబుతాను. అన్నీ ఒక గూటి కింద ఉండవు, తలో గుమ్మం ఎక్కాలి.

పచ్చిరొట్ట విత్తనాలు – జీలుగ, జనుము, పిల్లిపెసర – సగం రాయితీకి రైతు సేవా కేంద్రంలో ఇస్తూ వచ్చారు. మే నెలాఖరుకి అడగండి, ఆలస్యమైతే అయిపోతాయి. చౌడుకి జీలుగ. ఎకరాకి పన్నెండు కిలోలు చల్లి, నలభై ఐదు యాభై రోజులకి పూత మీద ఉండగా దమ్ములో కలియదున్నాలి. మూడూ ఒకే పనికి రావు: జనుముకి నీరు నిలవకూడదు. పిల్లిపెసర సార్వా కోతకి ముందు చేలో చల్లుకునేది. కోశాక మిగిలిన తడితోనే ఎదుగుతుంది, మాఘమాసం దాకా పశువులు మేస్తాయి, మిగిలింది దున్నేస్తే నేలకి బలం. మన తాతల కాలం నుంచి డెల్టాలో ఉన్న పచ్చిక అదే. దాళ్వా వచ్చాక దాన్ని మర్చిపోయాం.

ఉపాధి హామీలో సొంత పొలంలో పశుగ్రాసం పెంచుకోవచ్చు, గోకులం షెడ్డు కట్టుకోవచ్చు. పశువుల షెడ్డుకి రైతు వాటా పది శాతమే. రెండింటికీ ముందు జాబ్ కార్డు ఉండాలి, భూమి తమదై ఉండాలి.

జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో సైలేజీ (పాతర గడ్డి), దాణా యూనిట్లకి సగం పెట్టుబడి రాయితీ, 50 లక్షల దాకా ఉంది. అది వ్యాపారం పెట్టేవాళ్లకి. 2.40 ఎకరాలతో అటు చూడకండి.

జిప్సం రాయితీ గురించి మట్టి ఫలితం వచ్చాక మాట్లాడుకుందాం.

మక్తా_రైతు | ఏప్రిల్ 21

ఆయ్, ఇప్పటిదాకా అందరూ భూమి గురించి, గడ్డి గురించి, గేదె గురించి మాట్లాడారండి. పదకొండేళ్లు ఆ చేలో దిగినోడి గురించి ఒక్కరూ అడగలేదు. నేనూ మక్తాకి చేసేవాణ్ణే, కాట్రేనికోన వైపు. అడ్డొచ్చినందుకు ఏమనుకోకండి.

ఏఓ గారు చెప్పింది మళ్లీ ఒకసారి చదవండి. జాబ్ కార్డు ఉండాలి, భూమి తమదై ఉండాలి. బాబుగారికి భూమి ఉంది, హైదరాబాద్‌లో ఉన్నాయనకి జాబ్ కార్డు ఎవడిస్తాడు? మీ రైతుకి జాబ్ కార్డు ఉంటుంది, భూమి లేదు. అంటే ఆ చేలో ప్రభుత్వం వారి గడ్డి పరక ఒక్కటి కూడా మొలవదు. నవ్వాలో ఏడవాలో తెలీదండి.

ఇక నేల బాగు చేయడం. ఈ ఏడు నేను జీలుగ చల్లి దున్నితే దాని గుణం వచ్చే ఏటికి తెలుస్తుంది. వచ్చే ఏడు ఆ చేను నా చేతిలో ఉంటుందని ఎవరన్నా రాసిచ్చారా? ఒక చోట మూడేళ్లు పెంట తోలి, గట్లు వేసి, మెరక పల్లం సరిచేశాను. నాలుగో ఏడు "చేను బాగా పండుతోంది కదా" అని ఎకరానికి రెండు బస్తాలు మక్తా పెంచారు. అప్పణ్ణుంచి యూరియా తప్ప ఇంకేమీ వేయడం లేదు. మాకు బుద్ధి లేక కాదండి, గడువు లేక.

ఊరికి_దూరం | ఏప్రిల్ 21

మీరన్నది నిజం. నాన్నగారు కూడా నోటిమాటతోనే నడిపారు. కాగితం రాస్తే భూమి పోతుందని భయపడేవారు.

పాత_ఏఓ | ఏప్రిల్ 22

ఆ భయానికి పనిలేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద రాసేది పదకొండు నెలల ఒప్పందం. పంట మీదే హక్కు, భూమి మీద కాదు. సాగుదారు కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం పండించేవాడి పేరు మీద వస్తాయి. కాకపోతే యజమాని సంతకం కావాలి, అక్కడే ఆగిపోతోంది.

మక్తా_రైతు గారి కోపం మాత్రం ఈ చట్టంతో తీరదు. పదకొండు నెలల్లో వరి పండుతుంది. చౌడు పోదు.

రొయ్య_మీసం | ఏప్రిల్ 22

నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే కదండీ. ఎవరికీ గడువు లేదు, ఎవరికీ లాభం లేదు. చెరువుకైతే ఐదేళ్ల లీజు, కాగితం మీద.

మక్తా_రైతు | ఏప్రిల్ 22

చూశారా బాబూ. చెరువుకి ఐదేళ్లు రాస్తారంట. వరికి ఒక్క ఏడు కూడా రాయరు.

మిస్సోరిలో_మనోడు | ఏప్రిల్ 23

మాది ముమ్మిడివరం, ఉండేది అమెరికాలో మిస్సోరి రాష్ట్రం. పెద్ద పోలిక తేవడం లేదు, ఇక్కడి కమతాలు వేరు, నేల వేరు. నా పక్క ఊరాయన మాంసం పశువులు పెంచుతాడు. ఆయన పచ్చిక బయలు బాగుచేయడం నేను దగ్గరుండి చూశాను, అందుకని రాస్తున్నా.

ఇక్కడ 1930లలో దుమ్ము తుపానులకి లక్షల ఎకరాల పైమట్టి ఎగిరిపోయింది. 1935లో నేల సంరక్షణకని ప్రత్యేకంగా శాఖ పెట్టారు. దాని మనిషి పొలానికొచ్చి రైతుతో కలిసి నడిచి ప్లాన్ రాసిస్తాడు, దానికి రుసుము లేదు. ఆ పక్క ఊరాయన బయలంతా ఒకటే మేత, గొడ్లు నచ్చిన చోట కొరికి కొరికి నేల బోడి చేసేవి. కంచెలతో ఎనిమిది గళ్లు చేయించారు, ప్రతి గడికి తాగునీటి తొట్టి. మూడు నాలుగు రోజులకోసారి గొడ్లను పక్క గడికి మారుస్తాడు, మేసిన గడి మూడు నాలుగు వారాలు తేరుకుంటుంది. ఖర్చులో చాలా భాగం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పథకాల కింద వచ్చింది, కానీ పని పూర్తయి వాళ్లు చూసి సరేనన్నాకే. ఒప్పందం మీద సంతకం కాకముందే కంచె మొదలుపెట్టి ఉంటే రూపాయి వచ్చేది కాదు.

రాష్ట్రం వాటా ఎక్కణ్ణుంచి వస్తుందంటే, 1984లో జనం ఓటేసి తమ మీద తామే అమ్మకం పన్ను వేసుకున్నారు. డాలరుకి సెంటులో పదో వంతు. సగం నేల, నీటి సంరక్షణకి, సగం పార్కులకి.

మక్తా_రైతు గారికి ఒక మాట. ఆ కేంద్ర పథకానికి కౌలు రైతు కూడా పెట్టుకోవచ్చు. ఒప్పందం నడిచినన్నాళ్లూ భూమి తన చేతిలో ఉంటుందని చూపించాలి, అంతే. యజమానులు అందుకే ఏళ్ల లెక్కన కాగితం రాసిస్తారు. మా పక్కాయన మేపే దాంట్లో సగం కౌలుదే.

పాత_ఏఓ | ఏప్రిల్ 23

బాబూ, పన్ను విషయంలో మనమేం తీసిపోలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కోసం 1968లోనే సెస్సు చట్టం చేశారు. రైతు మురుగు కోసం విడిగా పన్ను కట్టాడు. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చాడు, వచ్చిన నీళ్లు పోయే దారి ఈనాటికీ పేచీయే. కోనసీమలో 2011లో పంట విరామం ప్రకటించారు, 2022లో మళ్లీ. రెండుసార్లూ రైతులు చెప్పిన మొదటి కారణాల్లో డ్రెయిన్లు ఉన్నాయి. పూడిక, గుర్రపు డెక్క, మొగల (సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర మేట.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఊరికి_దూరం గారి చేలో ఉప్పు కడగాలంటే కడిగిన నీరు డ్రెయిన్‌లోకి పోవాలి. డ్రెయిన్ నిండి ఉంటే ఆ ఉప్పుని అదే చేలో అటూ ఇటూ తిప్పినట్టే.

ఏటిగట్టు | ఏప్రిల్ 24

లంక వాళ్ల మాట కూడా ఒకటి వేసుకోండి. మాకు చౌడు లేదు, ఏరు కోసేయడమే ఉంది. 2022 జూలై వరద తీశాక చూస్తే ఒక పక్క ఎనభై సెంట్లు గౌతమిలో కలిసిపోయింది. ఇంకో పక్క మోకాలెత్తు ఒండ్రు పడింది. ఆ ఒండ్రు మీద మరుసటేడు వేసిన మొక్కజొన్నకి ఎరువు సగం కూడా పట్టలేదు. ఏరు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తుంది. ఇచ్చేది మాత్రం పక్కవాడికి.

గట్టు వారన వట్టివేరు వేశాం. చిన్న కోతకి ఆగుతుంది, పెద్ద వరదకి ఏదీ ఆగదు. వరదొచ్చినప్పుడు పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలుకొస్తాం, అప్పుడు గడ్డి మోపు బంగారం. మీ గినీ గడ్డికి మా వైపు కొనేవాళ్లు ఉంటారు.

గడ్డివాము | ఏప్రిల్ 24

వరదల మాటొచ్చింది కనక, వరిగడ్డి ఉన్నవాళ్లు యూరియాతో మాగవేసి ఉంచుకోండి. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై లీటర్ల నీళ్లలో కరిగించి పొరపొరకీ చల్లి, తొక్కి, పట్టా కప్పి గాలి చొరకుండా మూడు వారాలు. తీశాక గంటసేపు ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల్లోపు దూడలకి వద్దు. యూరియా నీళ్లు కలిపిన బకెట్టు మాత్రం పాకలో వదలకండి. మా వీధిలో ఒకరి చూడి గేదె తాగేసింది, తెల్లారేదాకా ఆగలేదు.

మక్తా_రైతు | ఏప్రిల్ 25

బాబుగారికి ఒక సంగతి చెబుతానండి, ఏ కాగితంలోనూ ఉండదు. మన డ్రెయిన్లు సముద్రం పోటుతో ఎగదన్నుతాయి. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోట్లు, ఆ నాలుగైదు రోజులు చేలో నీరు వదిలితే పోదు సరికదా, ఉప్పు నీరే లోపలికొస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో పోటు బలం తక్కువ. అప్పుడు ఆటు చూసుకుని తూము తీయాలి. జూన్‌లో కాలువ నీరు రాగానే చేలో నాలుగంగుళాలు పెట్టి, మూడు రోజులు ఉంచి, అష్టమి చూసి వదలండి. మూడు నాలుగు తడవలు అలా చేశాక ఊడ్పు. మీ రైతుకి ఇది తెలిసే ఉంటుంది. అడిగితే చెబుతాడు, అడగాలి మరి.

చెరువు గట్టుకీ మీ చేనుకీ మధ్య ఊట కాలువ ఉందా? లేకపోతే మీరు ఎన్నిసార్లు కడిగినా పక్కనుంచి దిగుతూనే ఉంటుంది.

పాత_ఏఓ | ఏప్రిల్ 25

నేను ముప్ఫయ్యొక్క ఏళ్లలో రాసిన సర్క్యులర్లలో అష్టమి మాట ఎక్కడా లేదు. రాసుకున్నాను.

ఆ చెరువుకి అనుమతి ఉందో లేదో, ఉంటే షరతుల్లో ఊట కాలువ ఉందో లేదో మత్స్యశాఖలో రాతపూర్వకంగా అడగండి. భూమి మీ పేరున ఉంది కాబట్టి ఆ పని మీరే చేయడం మంచిది.

ఊరికి_దూరం | జూన్ 3

మట్టి ఫలితాలు వచ్చాయి. మొదట ఇచ్చిన చోట నమూనా సంచి ఎక్కడో పోయిందన్నారు. మళ్లీ తీసి వేరే చోట ఇచ్చాను, అందుకే ఇంతకాలం పట్టింది.

చెరువు పక్క: ఈసీ 6.8, పీహెచ్ 7.9. మిగతా చేను: ఈసీ 2.1, పీహెచ్ 7.6. సేంద్రియ కర్బనం రెండు చోట్లా తక్కువే.

అంటే పాల చౌడే. జిప్సం కొని ఉంటే ఎంత పోయేదో లెక్కేసుకోవడం మానేశాను.

మా రైతుతో ఒక రోజంతా కూర్చున్నాను. ఆటుపోట్ల సంగతి అడిగితే "మీ నాన్నగారికి తెలుసండి, మీరు అడగలేదు" అన్నాడు. నాలుగేళ్లు చేను మారదనీ, మక్తా పెరగదనీ ఇద్దరం తెల్ల కాగితం మీద రాసుకున్నాం. దానికి చట్టంలో ఎంత బలముందో నాకు తెలీదు గానీ, అమ్మ కూడా సంతకం పెట్టింది. సాగుదారు కార్డుకి వేరే సంతకం చేశాను. చెరువు పక్క ఇరవై సెంట్లకి మక్తా లేదు. అక్కడ పారా గడ్డి ఆయనదే, జీలుగ విత్తనం ఖర్చు నాది.

ఊట కాలువ గురించి చెరువాయన మొదట నవ్వాడు. రాతపూర్వకంగా అడిగిన కాగితం నకలు చూపించాక తవ్వడానికి ఒప్పుకున్నాడు. తన వైపు నుంచి కాదు, మా వైపు నుంచి. రెండు సెంట్లు పోయాయి. పోనీలే అనుకున్నాం.

రొయ్య_మీసం | జూన్ 3

నాలుగేళ్లకి మక్తా పెంచనని రాసిచ్చారా! మీ ఇష్టం. ఊట కాలువ మాత్రం మంచి పని చేశారు. మా చెరువు చుట్టూ కూడా తవ్వాం, పక్కాయనతో రోజూ గొడవ తప్పింది.

గడ్డివాము | జూన్ 4

పారా గడ్డి వేసేటప్పుడు డ్రెయిన్ వైపు మూడు అడుగులు ఖాళీ వదలమను. అది డ్రెయిన్‌లోకి దిగిందంటే గుర్రపు డెక్కకి తోడల్లుడవుతుంది.

ఊరికి_దూరం | నవంబర్ 16

ఐదు నెలలైంది, సంగతులు చెప్పాలి.

జూన్ నుంచి మూడు తడవలు నీరు పెట్టాం. రెండు అష్టములకి బాగా పోయింది. మూడోసారి వాన పడి డ్రెయిన్ నిండిపోయి, తూము మూసేసి కూర్చున్నాం. జీలుగ చేనంతా చల్లాం, చౌడు ముక్కలో పొట్టిగా వచ్చింది గానీ వచ్చింది. అందుకోసం ఊడ్పు పది రోజులు వెనకపడింది. ఊళ్లో అందరూ మా రైతుని ఎగతాళి చేశారట.

ఆ తర్వాత మొంథా తుపాను. అక్టోబర్ 28 రాత్రి గాలికి గింజ పాలు పోసుకుంటున్న చేను సగం పడిపోయింది. నీరు నాలుగు రోజుల్లో దిగింది, నిరుడు పది రోజులు ఉంది. డ్రెయిన్ మారలేదు. మా బోదె మేమే తవ్వుకున్నాం, అంతే తేడా. దిగుబడి ఏమాత్రం వస్తుందో కోశాక గాని తెలీదు. నష్టం నమోదు ఈసారి మా రైతు పేరునే చేశారు.

గినీ గడ్డి తోటలో రెండు కోతలు ఇచ్చింది. తుపానప్పుడు లంక నుంచి ఎవరూ రాలేదు, మా వీధిలోనే అయిపోయింది. పారా గడ్డి మాత్రం విపరీతంగా పాకింది. డ్రెయిన్ వైపు దిగలేదు గానీ, చేలోకి రెండు గజాలు వచ్చేసింది. మందు కొట్టాలా?

గడ్డివాము | నవంబర్ 16

మందు కొట్టిన గడ్డి గొడ్డుకెలా పెడతావు? కోసి పెట్టేవాళ్లు తక్కువయ్యారన్నమాట. మీ రైతుకి పశువులున్నాయా?

ఊరికి_దూరం | నవంబర్ 17

మొన్న దసరాకి ఒక పడ్డని కొన్నాడు అక్కా. ముర్రా పోలిక. ఇంకోటి కూడా కొంటానంటున్నాడు.

గడ్డివాము | నవంబర్ 17

చూడిదేనా?

ఊరికి_దూరం | నవంబర్ 17

ఐదో నెలట.

గడ్డివాము | నవంబర్ 17

అయితే ఒట్టి పారా గడ్డితో సరిపెట్టొద్దను. ఏడో నెల నుంచి తవుడు, తెలగపిండి పెంచాలి. చేలోకి వచ్చిన రెండు గజాలూ వేళ్లతో సహా పీకి దానికే వేయమను. పెరికిన దుబ్బులు గట్టు మీద పారేయొద్దను, మళ్లీ వేరు పోస్తాయి.